హెల్మెట్ లేదని పరిహారం రాదా?

ప్రశ్న: మా తమ్ముడు (29) సూర్యాపేట దగ్గర బైక్‌పై వస్తుండగా వెనక నుంచి లారీ గుద్దడంతో చనిపోయాడు. కింద పడ్డాక చక్రం పొట్ట మీదుగా వెళ్లిందని డాక్టర్లు చెప్పారు. హెల్మెట్ లేదు కాబట్టి పైసా రాదని బీమా కంపెనీవాళ్లు అంటున్నారు. ఐదు నెలలుగా వాళ్ల ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. అమ్మ మంచం పట్టింది, మరదలికి ఏడాదిన్నర పాప. తమ్ముడు హెల్మెట్ పెట్టుకున్నాడని సాక్ష్యం చెప్పడానికి ఊళ్లో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. చెప్పించవచ్చా? – ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: చెప్పించకూడదు, చెప్పించాల్సిన అవసరమూ లేదు. మీ కేసును తేల్చే మాట మీ ఉత్తరంలోనే ఉంది: చక్రం పొట్ట మీదుగా వెళ్లింది. హెల్మెట్ కాపాడేది తలను. పోస్టుమార్టం రిపోర్టులో పుర్రె ఎముకలు చెక్కుచెదరలేదని, కాలేయం చిట్లి రక్తస్రావంతో మరణించాడని ఉంటే, హెల్మెట్ లేకపోవడానికీ ఆ మరణానికీ సంబంధం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్ పెట్టుకోనివారేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. కంపెనీ న్యాయవాది ఈ అంకెను తప్పక చదువుతారు. అది నిజమే, బండి ఎక్కే ప్రతివారూ గుర్తుంచుకోవలసిందే. కానీ మీ తమ్ముడు ఏ గాయంతో చనిపోయాడో అది చెప్పదు. నిబంధన మీరినంత మాత్రాన బాధితుడికి తప్పులో వాటా అంటగట్టరాదని, ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికో గాయానికో సంబంధం కనిపించాలని, ఒకే బైక్‌పై ముగ్గురు ప్రయాణించిన కేసులో సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఒకవేళ రిపోర్టులో తలకు ప్రాణాంతకమైన గాయం ఉంటే పరిహారంలో కొంత శాతం తగ్గవచ్చు గానీ, క్లెయిమ్ మొత్తం పోదు.

ఇక ఆ ఇద్దరు సాక్షుల సంగతి. శవ పంచనామాలోనో, ఘటనా స్థలం పంచనామాలోనో హెల్మెట్ లేదని పోలీసులు రాసి ఉంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి పది నిమిషాల్లోనే వాళ్ల అబద్ధం బయటపడుతుంది. ఆ తర్వాత లారీ వెనక నుంచి గుద్దిందన్న నిజాన్ని కూడా జడ్జి అనుమానంగానే చూస్తారు. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

మీరు చేసిన అసలు తప్పు వేరే ఉంది. పరిహారం నిర్ణయించేది బీమా కంపెనీ కాదు, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు విచారించే న్యాయస్థానం). మీరేమో ఐదు నెలలు బీమా ఆఫీసు చుట్టూ తిరిగారు, కేసు పత్రాల సర్టిఫైడ్ కాపీ ఒక్కటి కూడా తీసుకున్నట్టు రాయలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలి. ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని చెల్లుబాటుపై వివాదం సుప్రీంకోర్టు ముందున్నందున, గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అయితే తుది తీర్పు ఎటు పోతుందో తెలియనప్పుడు, చేతిలో నెల రోజులుండగా ఆ ఉత్తర్వును నమ్ముకుని ఆగడం అవివేకం.

ఈ వారమే ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, పంచనామాలు, పోస్టుమార్టం రిపోర్టు, వాహన తనిఖీ రిపోర్టు కాపీలకు దరఖాస్తు చేయండి. ఛార్జిషీటు ఇంకా వేయకపోయినా పిటిషన్ ఆపవద్దు. తమ్ముడి ఆదాయానికి రుజువు వెతకండి. జీతం స్లిప్పు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ జమలు పనికొస్తాయి. 29 ఏళ్ల వయసుకు ఏటా కుటుంబానికి పోయిన మొత్తాన్ని 17తో గుణిస్తారు గనుక, నెల ఆదాయంలో వెయ్యి రూపాయల తేడా వచ్చినా చివరికి లక్షకు పైగా తేడా పడుతుంది. పిటిషన్ మీ పేరున కాక మీ మరదలు, పాప, అమ్మల పేరున వేయించండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, వారు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు.