మెటలర్జీలో చేరుతున్న మేనకోడలికి

అమ్మాయీ, ఆశీస్సులు.

విశాఖ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెటలర్జీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కంప్యూటర్స్ రాలేదని చుట్టాలంతా పరామర్శలు మొదలుపెట్టారట. పెట్టనీ. లోకం ఇనుము వాడటం మానేసిన రోజున మనమూ దిగులు పడదాం.

మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అందరికీ ఉండేవే. అసలు చదువు మెటలోగ్రఫీ ల్యాబులో, అంటే లోహం లోపలి నిర్మాణాన్ని మైక్రోస్కోపులో చూసే చోట, మొదలవుతుంది. చిన్న ఉక్కు ముక్క చేతికిస్తారు. ముతక ఎమెరీ కాగితం నుంచి నున్నటి కాగితం దాకా వరసగా రుద్దాలి. కాగితం మార్చినప్పుడల్లా ముక్కను 90 డిగ్రీలు తిప్పి, పాత గీతలకు అడ్డంగా రుద్దు. అవి పూర్తిగా చెరిగాకే తరువాతి కాగితం పట్టుకో. మారే ముందు ముక్కతోపాటు చేతులూ కడుక్కో. ఒక్క ముతక రేణువు గోటి సందులో దాక్కున్నా పని మళ్లీ మొదటికి వస్తుంది. చివర గుడ్డ బిగించిన చక్రం మీద, అల్యూమినా కలిపిన నీళ్లతో అద్దంలా మెరుగు పెట్టాలి.

వెంటనే నైటాల్‌లో, అంటే లోపలి నిర్మాణం కనబడేలా లోహం పైపొరను కాస్త కొరికే ఆమ్ల ద్రావణంలో, ముంచేయకు. ముందు మైక్రోస్కోపులో ఒకసారి చూడు. పోత ఇనుములో గ్రాఫైట్, ఉక్కులో చిక్కుకున్న మలినాలు ఆ దశలోనే స్పష్టంగా తెలుస్తాయి. చాలామంది ఈ మెట్టు దాటేసి, తరువాత కనిపించిన ప్రతి మచ్చకూ ఒక కథ అల్లుతారు. నైటాల్ కలిపేటప్పుడు ల్యాబు అసిస్టెంటును పక్కనే ఉండమను. ఆల్కహాల్‌లోకి నైట్రిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, తిరగేసి చేయకూడదు.

ఇక అందరినీ భయపెట్టే ఇనుము-కర్బనం పటం. ఎంత కర్బనం ఉంటే, ఎంత వేడిలో ఉక్కు లోపల ఏ రూపాలుంటాయో చూపేది అదే. దాన్ని బట్టీ పట్టడం శుద్ధ దండగ. 0.4 శాతం కర్బనం ఉన్న ఉక్కును తీసుకుని, 900 డిగ్రీల నుంచి నెమ్మదిగా చల్లారుస్తూ ఎక్కడ ఏమవుతుందో కాగితం మీద రాయి. పటం మీది దూరాలతో పాళ్లు తేల్చే లివర్ రూల్‌తో లెక్కవేస్తే ఫెర్రైట్ (దాదాపు శుద్ధమైన ఇనుము), పెర్లైట్ (ఫెర్రైట్, ఇనుప కార్బైడ్ పొరలు పొరలుగా ఉన్నది) దాదాపు సగం సగం వస్తాయి. ఎనీల్ చేసిన, అంటే వేడిచేసి నెమ్మదిగా చల్లార్చిన ఈఎన్8 (ఇంచుమించు అంతే కర్బనం ఉన్న ఉక్కు రకం) ముక్కను అడిగి తీసుకుని మైక్రోస్కోపులో చూడు. తెల్లగా ఫెర్రైట్, నల్లగా పెర్లైట్ ఇంచుమించు ఆ పాళ్లలోనే కనబడతాయి. ఆ తరువాత పటం దానంతటదే గుర్తుంటుంది. అన్నట్టు, చల్లారేటప్పుడు పెర్లైట్ ఏర్పడే గీతకు పాత పుస్తకాల్లో 723 డిగ్రీలని, కొత్తవాటిలో 727 అని ఉంటుంది. కంగారు పడకు, రెండూ ఒకే గీత.

మధ్యలో వచ్చే పరిశ్రమ శిక్షణలో ఎవరిచేతనో సంతకం పెట్టించుకుని ఇంట్లో కూర్చుంటే మాత్రం నాకు కోపం వస్తుంది. ఊళ్లోనే స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. అక్కడ దొరక్కపోతే లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసే చిన్న ఫౌండ్రీ అయినా మంచిదే, ఒక్కోసారి ఇంకా మంచిది. అక్కడి మెల్టరును, అచ్చులు పోసేవాళ్లను మర్యాదగా అడుగు. ఇసుకలో తేమ ఎక్కువైతే పోతలో బుడగలు ఎలా పడతాయో పగలగొట్టి మరీ చూపిస్తారు. కరిగిన లోహం దగ్గర నీటి చుక్క కూడా ఉండనివ్వరు, ఎందుకో వాళ్ల నోటనే విను.

డిప్లొమావాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఎలాగూ ఉంది. ఆ సంగతి చివరి ఏడాదిలో చూసుకుందాం.

ఫౌండ్రీకి సింథటిక్ చున్నీ వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్టలే వేసుకో. నీ పాదం కొలత రాసి పంపు, వేళ్ల దగ్గర ఇనుప తొడుగున్న తోలు బూట్లు నేను కొంటాను.

మీ మావయ్య