హైదరాబాద్ ముత్యాలు అనడం తప్పా?

సందేహం: మా చెల్లి పెళ్లికి పత్తర్‌గట్టీలో ముత్యాల సెట్ కొన్నాం. హైదరాబాద్ ముత్యాలని మేం మురిసిపోతుంటే మా బావగారు "ఇక్కడ సముద్రమే లేదు, ముత్యాలెక్కడివి? గోల్కొండలో గని లేదు, గోల్కొండ వజ్రాలన్నా తప్పే" అన్నారు. నిజంగా ఇది తప్పు వాడుకేనా? పనిలో పనిగా, వైడూర్యమా, వైఢూర్యమా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

సమాధానం: తప్పు కాదు. తెలుగులో వస్తువు ముందు ఊరి పేరు పెడితే ఆ రెండింటికీ ఏదో సంబంధం ఉందనే అర్థం. అక్కడ పుట్టిందా, తయారైందా, అమ్ముడుపోతోందా అన్నది ఆ మాటలో ఉండదు, మనమే తెలుసుకోవాలి.

తమాషా ఏమిటంటే, మీరడిగిన వైడూర్యం మీదే ఈ పేచీ ఎప్పుడో వచ్చింది. 'విదూరం అనే చోటు నుంచి పుట్టేది' అనే అర్థంలో పాణిని ఆ మాటకు ఒక సూత్రమే రాశాడు. పాణిని సూత్రాల మీద వ్యాఖ్య అయిన కాశికావృత్తిలో మీ బావగారి ప్రశ్నే ఎదురవుతుంది. ఆ మణి పుట్టేది వాలవాయం అనే ఇంకో చోట, విదూరంలో దానికి మెరుగు పెడతారంతే! మరి సూత్రం ఎలా నిలుస్తుంది? అంతకన్నా పాత వ్యాఖ్య, పతంజలి మహాభాష్యంలో ఒక దారి కనిపిస్తుంది: వర్తకులు వారణాసిని జిత్వరి అన్నట్టే, వ్యాకరణ పండితులు వాలవాయాన్ని విదూరం అంటారట. బేరసారాల వాడుకను అంత పెద్దాయన సాక్ష్యానికి పిలిచాడు చూడండి, నాకు ఆ చోటు భలే ఇష్టం.

మన ముత్యాల సంగతీ అదే. స్వాతి కార్తెలో చిప్పలో పడ్డ చినుకు ముత్యమవుతుందని పెద్దలు చెప్పే కథ ప్రకారం చూసినా, చిప్ప లోపల దూరిన నలుసు చుట్టూ పొరలు పేరుకుంటాయన్న శాస్త్రం ప్రకారం చూసినా, అది పుట్టేది నీళ్లలోనే. హైదరాబాద్‌లో దానికి సన్నగా బెజ్జం వేస్తారు, ఉడికిస్తారు, మందు నీళ్లలో నానేసి ఎండలో పెట్టి తెల్లబరుస్తారు, సైజు, వన్నె చూసి ఏరి పేటలు గుచ్చుతారు. ఇంత చాకిరీ చేసిన ఊరికి పేరు దక్కడంలో వింతేముంది? అన్నట్టు, కొట్టువాళ్లు గొప్పగా చెప్పే బస్రా ముత్యాలు కూడా బస్రాలో పుట్టినవి కావు. గల్ఫ్ సముద్రంలో తీసినవి ఆ రేవు బజారుకు చేరి ఆ పేరు తెచ్చుకున్నాయి.

గోల్కొండ వజ్రాలకైతే ఇంకో సమర్థన ఉంది. కొల్లూరు, పరిటాల గనులు కృష్ణా తీరాన ఉన్నా, 17వ శతాబ్దంలో అవి గోల్కొండ రాజ్యంలోవే. రాళ్లు బేరానికొచ్చింది కోట పక్కనున్న కార్వాన్‌కు. కాబట్టి 'గోల్కొండ గనులు' అన్నా రాజ్యం అనే అర్థంలో చెల్లుతుంది. 'గోల్కొండ కోటలో తవ్విన వజ్రం' అంటే మాత్రం మీ బావగారి పక్షమే నాదీ. పుట్టిన చోటును బొత్తిగా పట్టించుకోని పేర్లూ ఉన్నాయి. ఏడో నిజాం కాగితాల మీద బరువుగా వాడుకున్న జాకబ్ వజ్రం దక్షిణాఫ్రికాది, పేరేమో అమ్మజూపిన వర్తకుడిది!

ఇక వైడూర్యం. 'డ'తోనే రాయాలి. సంస్కృతంలో 'ద'తో వైదూర్యమనీ ఉంది, 'ఢ'కు మాత్రం ఆధారం లేదు. బరువైన అక్షరం వేస్తే రాయికి విలువ పెరుగుతుందనుకుంటారో ఏమో. పిల్లికన్ను రాయి అన్నా అదే. ఉంగరాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే తెల్లటి గీత ఒకటి రాయి మీద జరుగుతూ కనిపిస్తుంది. లోపల సూదుల్లా బారులు తీరిన సన్నటి పోగుల మీద పడి వెలుగు అలా తిరిగొస్తుంది.

గోమేధికానిదీ ఇదే జబ్బు. మేధతో దానికి పని లేదు. మేదస్సంటే కొవ్వు, ఆవు కొవ్వు వన్నె ఉన్నది గోమేదకం. గోమేదికమన్నా సరే. బజారు బోర్డుల మీద 'ధి' కనిపిస్తూనే ఉంటుంది. బేరమాడేటప్పుడు దిద్దబోకండి, ధర పెంచుతారు.