పదనైన నేల

తమ్ముడూ,

నీ కథ చదివాను. తొలకరి పడ్డాక రైతు చేలోకి దిగే చోట "నేల ఆర్ద్రంగా ఉంది" అని రాశావు. ఆ రైతు అలా అనడు. వంగి పిడికెడు మన్ను తీసి, నొక్కి చూసి, "పదనైంది" అంటాడు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగు. పదను అంటే చెమ్మే, కానీ ఎంత చెమ్మ పడితే అంత పదను కాదు. మన్ను నాగలికి అంటుకుంటుంటే పదను ఇంకా రాలేదు. పెళ్లలు లేస్తుంటే దాటిపోయింది. పిడికిట్లో ముద్దకట్టి, వేలు తగలగానే విడిపోయే ఆ కాస్త వ్యవధే పదను. అదను, పదను అని జంటగా అనేది అందుకే. అదను కాలానిది, పదను నేలది.

కత్తికి పెట్టే పదునూ ఇదే మాట. కాల్చిన ఇనుమును కమ్మరి నీళ్లలో ముంచుతాడు కాబట్టి తడి నుంచి వాడి పుట్టిందని ఊహించడం తేలిక. తొందరపడకు. తమిళంలో దీని తోబుట్టువు 'పదం'. తడి, పాకం, కత్తి వాదర, మూడూ దానికీ ఉన్నాయి. కన్నడంలో పాత 'ప' 'హ'గా మారి 'హద' అయింది. విత్తుకు సిద్ధమైన నేలకూ, పొయ్యి మీది పాకానికీ అదే మాట. తగిన స్థితి అనే అర్థమే అన్నిటికీ మూలమని నా నమ్మకం. తడీ వాడీ దాని కొమ్మలు.

మిగతా మాటలకూ ఎవరి పని వాళ్లకుంది. గోడకెక్కేదీ, రొమ్ములో పట్టేదీ నెమ్ము. కళ్లు మాత్రం చెమ్మగిల్లుతాయి. ధాన్యం కొనేచోట తేమ అంటారు, అది 17 శాతం మించితే మళ్లీ ఆరబెట్టుకోవాలి. చేనుకు పెట్టేది తడి. దాన్ని లెక్కపెడతారు కూడా, మూడు తడులు, నాలుగు తడులు అని.

ఆర్ద్రం మీద నాకు కోపం లేదు. సంస్కృతంలో అదీ మామూలు తడే. ఆ పేరున్న నక్షత్రం మన నోట ఆరుద్ర అయింది, కార్తెకు పేరైంది, ఆ వానలకు చేలల్లో కనిపించే మెత్తటి ఎర్ర పురుగు ఆరుద్ర పురుగైంది. ఆ దారిన వస్తే అది నీ రైతు నోటికీ పడుతుంది.

ఆ పేరా తిరగరాసి పంపు. నల్లరేగడి చెమ్మను చాలాకాలం పట్టి ఉంచుతుంది, ఇసుక కలిసిన ఎర్రనేల త్వరగా వదిలేస్తుంది. నీ రైతుకు ఎంత తొందర ఉండాలో దాన్నిబట్టే తేలుతుంది. అతనిది ఏ నేలో కథలో ఎక్కడా లేదు.