అమ్మానాన్నలతో నీస్ వెళ్తున్నారా? మాంతోన్‌కి ఒక రోజంతా ఉంచుకోండి

మొనాకో చూసుకుని నీస్ వచ్చేస్తే సరిపోతుందా, పెద్దవాళ్లని తీసుకుని ఇటలీ బోర్డర్ పక్కనే ఉన్న ఫ్రాన్స్ ఊరు మాంతోన్ దాకా వెళ్లాలా అని అడిగారు కదా, తప్పకుండా వెళ్లండి. పోయినేడాది మార్చిలో మా అమ్మని తీసుకెళ్లాను, మొనాకోలో రెండు గంటలకే ఇంక పోదాం రా అనేసింది, మాంతోన్‌లో మాత్రం ట్రైన్ టైమ్ అవుతోందన్నా లేవలేదు.

నీస్ నుంచి లోకల్ ట్రైన్‌లో దాదాపు 40 నిమిషాలు. కుడిపక్క కిటికీ పట్టుకోండి, సముద్రం అటే ఉంటుంది. గరవాన్ అని దాని తర్వాత ఇంకో స్టేషన్ ఉంది, అది ఇటలీ బోర్డర్ వైపు, అక్కడిదాకా పోకండి.

ఊరి వెనకాలే కొండలు గోడకట్టినట్టు నిలబడి ఉత్తరపు గాలిని ఆపేస్తాయి, అందుకే చలికాలంలో కూడా నిమ్మచెట్లు నిండా కాయలతో ఉంటాయి, ఆ వెచ్చదనం కోసమే మనుషులూ వచ్చారు. 1859లో బెన్నెట్ అనే ఇంగ్లీషు డాక్టర్ క్షయతో అక్కడికి చేరి కోలుకున్నాడు, దాని గురించి పుస్తకం రాశాడు, ఇక ఇంగ్లండ్ నుంచి, రష్యా నుంచి డబ్బున్న రోగులు వరసకట్టారు. మొనాకో రాజు ఆ ఊరిని ఫ్రాన్స్‌కి అమ్మింది కూడా ఆ రోజుల్లోనే, 1861లో.

అందరూ కోలుకోలేదు. వాళ్లని చూడాలంటే ఒకప్పుడు కోట ఉండిన గుట్ట మీది శ్మశానానికి ఎక్కాలి. మెట్లు చాలానే ఉన్నాయి, అమ్మకి మోకాళ్ల నొప్పి, అందుకని మధ్యలో సెయింట్ మిషెల్ చర్చి ముందు చాలాసేపు కూర్చున్నాం, ఆ వాకిలంతా నల్లవీ తెల్లవీ గులకరాళ్లు పొదిగి ముగ్గేసినట్టు ఉంటుంది, అమ్మ వంగి చేత్తో తడిమి మరీ చూసింది. పైన రగ్బీ ఆటతో పేరు ముడిపడిన వెబ్ ఎల్లిస్ సమాధి ఉంది, 1872లో పోయాడు, ఫొటోలన్నీ అక్కడే తీసుకుంటారు. నన్ను పట్టుకున్నవి మాత్రం పక్కనున్న చిన్న చిన్న రాళ్లు, ఒక్కోదాని మీద వయసు చదువుతుంటే ఇరవై, ఇరవై రెండు, ఇలాగే. అమ్మ ఒక రాయి దగ్గర ఆగిపోయి, మా మేనత్తని కూడా ఇలాగే మంచి గాలి కోసమని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో పెట్టారు రా, అంది. ఆ సంగతి నాకు అంతవరకు తెలీదు. కింద సముద్రం, ఎర్రపెంకుల ఇళ్లు, అక్కడే గంట కూర్చుని ఆవిడ గురించే చెప్పింది.

బీచ్ చాలావరకు గులకరాళ్లే, మెత్తటి చెప్పులు తీసుకెళ్లండి. ఎండ ఎక్కువైతే సముద్రం పక్కన చదునుగా ఉన్న రోడ్డు మీద నడవొచ్చు. ఫిబ్రవరిలో నిమ్మకాయల పండగ జరుగుతుంది, బాగుంటుంది గానీ రూములు దొరకడం కష్టం, పెద్దవాళ్లతో ఆ జనంలో తిరగలేరు, పైగా అక్కడ నిమ్మ, నారింజ పళ్లతో కట్టే పెద్ద పెద్ద బొమ్మలకి వాడే పళ్లు చాలావరకు స్పెయిన్ నుంచి వచ్చేవే.

ఊళ్లో కాసిన కాయలు కావాలంటే పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లండి. మన నిమ్మకాయ కన్నా చాలా పెద్దవి, అమ్మ గోటితో తొక్క గీరి వాసన చూసి ఆరు కొంది, మ్యూనిక్ తిరిగొచ్చాక అందులో నాలుగు ఊరేసింది. తొక్కకి చేదే లేదు.