గాలి ఎంత కొట్టించాలో నీ కారు మీదే రాసి ఉంది

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాత కారు కొన్నావనీ, వచ్చే వారం హైదరాబాద్ నుంచి విజయవాడకు నువ్వే నడుపుకుంటూ వెళ్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. బయలుదేరే ముందు టైర్ల సంగతి నువ్వే చూసుకో, బంకులో కుర్రాడికి వదిలేయకు. అతను ఏ కారు వచ్చినా అలవాటైన అంకె ఒకటి పెట్టి కొట్టేస్తాడు.

డ్రైవరు తలుపు తెరిస్తే, అది మూసుకునే చోట స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. చిరిగిపోయి ఉంటే కారుతో ఇచ్చిన పుస్తకం తిరగెయ్యి. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, కారు నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత అన్నది అందులో ఉంటుంది. అంకె కిలోపాస్కల్‌లలో ఉంటే కంగారుపడకు. 230 అంటే బంకు మీటరు చూపించే కొలతలో, అంటే పీఎస్ఐలో, సుమారు 33. టైరు మీద అచ్చయిన గరిష్ఠ అంకెను మాత్రం పట్టించుకోకు. అది ఆ టైరు తట్టుకోగల హద్దు, నీ కారుకు సరిపడే గాలి కాదు.

ఎండాకాలం కదా, టైరు పేలుతుందని గాలి తగ్గించమనేవాళ్లు తప్పక ఎదురవుతారు. వాళ్ల మాట వినకు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకే లోపల వేడెక్కుతుంది. హైవే మీద వేగంగా, బరువుతో వెళ్లేటప్పుడు పేలే ప్రమాదం దానికే ఎక్కువ. స్టిక్కరు మీద అంకె చల్లటి టైరుకు చెప్పినది, అందుకే పొద్దున్నే, కారు కదలకముందో, దగ్గర్లోని బంకు దాకా వెళ్లాకో చూడు. దూరం నడిపాక మీటరు నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తే అది సహజం, గాలి తీసేయకు.

పాత కారు కాబట్టి టైరు సైజు కూడా సరిచూడు. 185/65 ఆర్15 అని ఉంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఆ తర్వాత 88హెచ్ అని ఉంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని, గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని లెక్క. స్టిక్కరు మీదా టైరు మీదా సైజు ఒకటే కావాలి. వేరుగా ఉంటే పాత యజమాని మార్చాడన్నమాట, ఎందుకు మార్చాడో అడుగు.

డిక్కీలో స్టెప్నీని మరిచిపోకు. అది సన్నటి రకమైతే సాధారణంగా 60 పీఎస్ఐ కావాలి, వేగం 80 దాటకూడదు.

టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాల వెంట వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదు టైర్ల మీదా ఆ అంకెలు ఫొటో తీసి ఈ రాత్రికే నాకు పంపు. మార్చాల్సినవి ఉంటే ప్రయాణానికి ముందే మార్పిద్దాం.

మీ పెదనాన్న