పెట్ట పొదుగుకొచ్చిందా, తెగులు తగిలిందా?

ప్రశ్న: మా పెరట్లో నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటిలో నల్లపెట్ట మూడు వారాల్లో పన్నెండు గుడ్లు పెట్టి మానేసింది. నాలుగు రోజులుగా కొట్టంలో గడ్డి మీద కూర్చుని లేవడం లేదు. నూకలు చల్లినా రాదు, జుట్టు పాలిపోయింది, ఈకలు ఉబ్బించుకుని ఉంటోంది. మా అత్తగారు పొదుగుకొచ్చింది, అంటే గుడ్లు పొదగడానికి కూర్చుంది అంటారు. పక్కింటావిడ మాత్రం కొక్కెర తెగులని (రాణిఖేత్ అనే అంటురోగం), మిగతావాటికి అంటకముందే కోసేయమని అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కోయడం మాట పక్కన పెట్టండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి మీ అత్తగారే కరెక్ట్ అనిపిస్తోంది, పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చోవడం నాటు పెట్టకు పుట్టుకతో వచ్చిన గుణం. అదే వనరాజా అనే మెరుగుపరచిన జాతి పెట్ట అయితే నేనూ అనుమానపడేదాన్ని, వాటిలో ఆ గుణం బాగా తక్కువ.

అయితే మేత మానడం, ఈకలు ఉబ్బడం, జుట్టు పాలిపోవడం రెండింట్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని చూసి తేల్చలేం. రేపు పొద్దున దాని కిందకి చెయ్యి పెట్టండి. పొదుగు పెట్ట అయితే మెడ ఈకలు నిక్కబొడుచుకుని కుర్‌ర్‌మంటూ పొడుస్తుంది, కళ్లు చురుగ్గా ఉంటాయి. ఎత్తి నేల మీద దించి దూరంగా నిలబడండి. కాసేపు అలాగే ముడుచుకున్నా, తర్వాత కొక్ కొక్‌మంటూ లేచి గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట ఒకటి వేసి (భరించలేని కంపు కొడుతుంది, రోజంతా ఆపుకున్నది కదా, భయపడకండి) పది ఇరవై నిమిషాల్లో మళ్లీ అదే గడ్డి మీదకి చేరుతుంది. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం కనబడటం కూడా పొదుగు గుర్తే.

జబ్బు కోడికి గూటి ధ్యాస ఉండదు. ఎక్కడ పడితే అక్కడ రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని తూగుతుంది, ఎత్తితే ఎదురు తిరగదు, దించిన చోటే ఉండిపోతుంది. పచ్చగా నీళ్ల రెట్ట, నోరు తెరిచి ఆయాసపడటం, మెడ మెలి తిరగడం, ఇవి కొక్కెర లక్షణాలు. జుట్టు నీలంగా మారినా మంచిది కాదు. తోక కిందకి వాల్చి ముక్కుతూ నిలబడితే గుడ్డు అడ్డం పడిందేమో చూడాలి. వీటిలో ఏది కనిపించినా దాన్ని వెంటనే వేరుచేసి పశువైద్యశాలకు ఫోన్ చేయండి, ఆలోగా కోసి వండొద్దు, అమ్మొద్దు. మిగతావాటికి కొక్కెర టీకా ఎప్పుడు వేయించాలో కూడా అక్కడే అడగండి.

పొదుగని తేలాక కూడా రోజూ ఒకసారి ఎత్తి చూడమని ఎందుకంటానంటే, మా అమ్మ పెంచిన ఎర్రపెట్టను పొదుగులో ఉందిలే అని ఎవరమూ కదపలేదు. ఎనిమిదో రోజు చూస్తే ఒంటినిండా పేలు, తెల్లగా పాలిపోయిన జుట్టు, సాయంత్రానికే చనిపోయింది. అది ఇప్పటికీ బాధగానే ఉంది. పొదుగులో ఉన్న కోడి మట్టిలో పొర్లడం తగ్గిస్తుంది, అందుకే పేలు పెరుగుతాయి. పక్కనే పొడి మట్టి, బూడిద కలిపి పోయండి, నీళ్లు దగ్గర్లో పెట్టండి.

పిల్లలు కావాలంటే వారంలోపు పెట్టిన గుడ్లు పదో పన్నెండో రాత్రిపూట కింద పెట్టండి, 21 రోజులకు పిల్లలవుతాయి. పుంజు లేకపోతే గుడ్లు పిల్లలు కావు, మీకు పుంజు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. వద్దనుకుంటే గుడ్లు తీసేసి, కింద గాలి తగిలేలా ఇటుకల మీద పెట్టిన జాలీ పంజరంలో మేత, నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచండి, పొదుగు దిగుతుంది. నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.