ఊరి పేరు అడిగితే గొంతు తడబడుతోంది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మాది దొంగల ఊరని ముద్ర పడ్డ స్టువర్టుపురం. నానమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. మా ల్యాబులో పనిచేసే అతను, నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. మేం ఎరుకల వాళ్లమని అతనికి తెలుసు, అభ్యంతరం లేదు. ఊరి పేరు మాత్రం చెప్పలేదు. వాళ్లమ్మగారు అడిగితే ‘బాపట్ల దగ్గరండీ’ అని తప్పించుకున్నాను. ఈమధ్య వార్డులో ఒకావిడ గొలుసు కనిపించలేదు. ఎవరూ ఏమీ అనకముందే నా బ్యాగు నేనే బల్ల మీద బోర్లించాను. టిఫిను డబ్బా, దువ్వెన, చిల్లర అన్నీ దొర్లాయి. ‘నీ బ్యాగు ఎందుకమ్మా?’ అని హెడ్ నర్సు ఆశ్చర్యపోయారు. గొలుసు దిండు గలీబులో దొరికింది. ఆ రోజు నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఊరి సంగతి పెళ్లయ్యాక చూసుకుందాం, ఇప్పుడు చెప్పవద్దు అంటారు నాన్న. దాస్తే మోసం చేసినట్టా?

జవాబు: మీ ఉత్తరంలో పెళ్లి సంగతి కన్నా ఆ బ్యాగు సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ వార్డులో మిమ్మల్ని అనుమానించినవారు ఒక్కరూ లేరు. అయినా మీ సోదా మీరే చేసుకున్నారు. చిన్నప్పటి నుంచి ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల చెయ్యి జేబు మీదకు వెళ్లడం చూసిన మనిషి అలాగే చేస్తుంది. ఇందులో మీ బలహీనత ఏమీ లేదు.

ఈ ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఎవరైనా వివరంగా చెప్పారో లేదో. మీ పూర్వీకులు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. బుట్టలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. ఉప్పును సర్కారు గుప్పిట్లో పెట్టుకుంది, సరుకు రైలెక్కింది, ఆ బేరం చితికిపోయింది. ఊళ్లు తిరుగుతూ బతికేవాళ్ల మీద పాలకులకు మొదటి నుంచీ అనుమానమే. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఏ నేరమూ చేయకపోయినా ఆ చట్టం కింద చేర్చిన కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి, పొరుగూరు వెళ్లాలంటే పాసు తీసుకోవాలి. అలా నిఘాలో ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించిన సెటిల్‌మెంట్లలో మీ ఊరు ఒకటి. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. అంటే మీరు ఇప్పుడు దాస్తున్న ఆ పేరును కూడా మీవాళ్లు పెట్టుకోలేదు.

అక్కడ దొంగతనాలు చేసినవాళ్లు లేరా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నారు. అయితే ఇంకో ఊళ్లో దొంగ దొరికితే జనం ఆ దొంగ పేరు చెప్పుకుంటారు, మీ ఊళ్లో దొరికితే ఊరి పేరు చెప్పుకుంటారు. నాకు కోపం తెప్పించేది ఈ తేడాయే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అయినా విముక్త జాతులను, అంటే ఆ చట్టం నుంచి బయటపడ్డ కులాలవాళ్లను, అలవాటుపడ్డ నేరస్తులుగా చూసే నిబంధనలు జైళ్ల మాన్యువళ్లలో మిగిలిపోయాయి. అవి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. పుస్తకాల్లోనే అంత కాలం నిలిచిన మాట మనుషుల మనసుల్లోంచి అంత తేలిగ్గా పోతుందా?

అందుకే మీ నాన్నగారిని తప్పుపట్టకండి. హాజరు పలికిన తరం చేతుల్లో పెరిగిన మనిషి అయి ఉంటారు. పేరు దాచడం ఆయనకు తెలిసిన రక్షణ. ఒకసారి కూర్చోబెట్టి ఆ రోజుల గురించి అడగండి. కవి జాషువా గారి అమ్మాయి, సంఘ సంస్కర్త హేమలతా లవణం మీ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేశారు, ఆవిడ గురించీ అడగండి. ఆయన నోరు విప్పితే మీకూ కొంత బరువు దిగుతుంది.

ఇక మీ ప్రశ్న. ఇప్పటిదాకా మీరు చేసింది మోసం కాదు, భయంతో చెప్పలేకపోయారు. కానీ పెళ్లయ్యాక తెలిస్తే వాళ్లకు అది మోసంగానే కనిపిస్తుంది. తెలియకుండా ఎలా ఉంటుంది? శుభలేఖ ఉంది, మీ సర్టిఫికెట్లు ఉన్నాయి, నానమ్మ ఉంది. కాబట్టి నిశ్చితార్థానికి ముందే చెప్పండి. ముందు అతనికి, ఒంటరిగా ఉన్నప్పుడు. ‘నీకో సంగతి చెప్పాలి, కోప్పడవు కదా’ అని మాత్రం మొదలుపెట్టవద్దు, అది తప్పు ఒప్పుకునేవాళ్ల మాట. ‘మాది స్టువర్టుపురం, మా నానమ్మ అక్కడే ఉంటుంది, ఒక ఆదివారం వెళ్లి చూసొద్దాం’ అనండి. బాపట్ల దాటగానే స్టేషను. ఆవిడ చేతి అన్నం తిని వస్తే అతనికి ఆ ఊరు ఒక ముసలమ్మ ఇల్లుగా గుర్తుంటుంది.

అతను తెలియనితనంతో పిచ్చి ప్రశ్నలు వేసినా నొచ్చుకోకుండా జవాబివ్వండి. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు అడిగితే ఇవ్వండి. ‘నాకేం ఫరవాలేదు, మా అమ్మకు మాత్రం ఎప్పటికీ చెప్పకు’ అంటే మాత్రం ఆగండి. ఆ మాటతో పెళ్లి చేసుకుంటే ఇవాళ వార్డులో పడ్డ భయమే రేపు అత్తవారింట్లో రోజూ పడతారు. వాళ్లమ్మగారికి చెప్పే బాధ్యత అతనిది. అది అతను చేయగలడా లేదా అన్నది మీరు పెళ్లికి ముందే చూసుకోవాలి. చేయలేకపోతే, ఎంత ఇష్టమున్నా, ఈ సంబంధం గురించి మళ్లీ ఆలోచించుకోమనే చెబుతాను.

నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే సాగితే సైకాలజిస్టును కలవండి. రాత్రి డ్యూటీలు చేసే మీకు అది మరీ అవసరం. వార్డులో మళ్లీ ఏదైనా పోతే మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. అందరి బ్యాగులూ చూడాలంటే మీదీ చూపించండి, మీ వంతు వచ్చినప్పుడు.